ఆటిజం ఉన్న పెద్దవాళ్ల జీవితం: పింఛను వచ్చాక ఏం చేయాలి?

ఈ పాఠం ఎవరి కోసం?

ఇంట్లో 18 ఏళ్లు దాటిన, ఆటిజం ఉన్న కొడుకు, కూతురు, తమ్ముడు, చెల్లెలు ఎవరున్నా ఆ కుటుంబం కోసం ఈ పాఠం. ఆటిజం ఉండి, తన పనులు తాను చూసుకుంటూ దీన్ని స్వయంగా చదువుకోగల వాళ్ల కోసం కూడా.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు థెరపీ అని, స్పెషల్ స్కూలు అని తిరుగుతాం. పద్దెనిమిది దాటగానే స్కూలు అయిపోతుంది. పింఛను మంజూరవుతుంది. ఇక చేసేదేం లేదులే అన్నట్టు ఇల్లంతా అలాగే ఆగిపోతుంది. అబ్బాయి పొద్దున లేచి టీవీ ముందు కూర్చుంటాడు, రాత్రి పడుకుంటాడు. అలాగే పదేళ్లు గడిచిపోతాయి. ఆటిజం చిన్నపిల్లల జబ్బు కాదు, అసలు జబ్బే కాదు. అది పుట్టుకతో మెదడు పనిచేసే తీరులో ఉండే తేడా. అది ఉన్నవాళ్లకు నలభై ఏళ్లు వస్తాయి, అరవై కూడా వస్తాయి. ఆ ఏళ్లన్నీ ఎలా గడవాలన్నదే ఈ పాఠంలో విషయం.

1. మంచి జీవితం అంటే ఏమిటి?

మాట వచ్చిందా, కళ్లలోకి చూస్తున్నాడా, చేతులు ఊపడం మానేశాడా అని మనం కొలుస్తుంటాం. ఇవి ఆటిజం లక్షణాల కొలతలు. జీవితం బాగుందా లేదా అన్నది వీటితో తేలదు. లక్షణాల తీవ్రతను, తెలివితేటల స్కోరును మాత్రమే చూసి ఒకరి జీవితం ఎంత బాగుంటుందో చెప్పలేమని పరిశోధనల్లో తేలింది. చుట్టూ ఉన్న ఆసరా, చేయడానికి పని, కలిసే మనుషులు ఎలా ఉన్నాయన్నది చాలా ముఖ్యం.

ఈ రంగంలో పనిచేసేవాళ్లు జీవన నాణ్యతను 8 విషయాల్లో చూస్తారు. ఇంట్లోవాళ్లు వాటిని ఇలా ప్రశ్నలుగా మార్చుకుని అడుగుకోవచ్చు.

ఒకటి, మనసు: రోజులో ఎక్కువసేపు ప్రశాంతంగా ఉంటున్నాడా, భయంగా ఉంటున్నాడా?
రెండు, మనుషులు: ఇంట్లోవాళ్లు కాకుండా పేరు పెట్టి పలకరించే వాళ్లు ఊళ్లో ఎంతమంది?
మూడు, డబ్బు, వస్తువులు: తనది అని చెప్పుకునే వస్తువు, తన చేత్తో ఖర్చు పెట్టే డబ్బు ఉన్నాయా?
నాలుగు, నేర్చుకోవడం: ఈ ఏడాది కొత్తగా ఏం నేర్చుకున్నాడు?
అయిదు, ఒళ్లు: నిద్ర, తిండి, పళ్లు, విరేచనం సరిగా ఉన్నాయా?
ఆరు, సొంత నిర్ణయం: ఏ చొక్కా, ఏ కూర, ఎప్పుడు స్నానం అన్నది ఎవరు చెబుతున్నారు?
ఏడు, నలుగురిలో కలవడం: వారంలో ఎన్నిసార్లు గడప దాటుతున్నాడు?
ఎనిమిది, హక్కులు: సర్టిఫికెట్, కార్డు, బ్యాంకు ఖాతా తన పేరు మీద ఉన్నాయా?

జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. వీలైతే ఆ వ్యక్తినే అడగండి. మాట రాకపోతే ఫొటోలు చూపించి అడగండి. "ఏది ఇష్టం?" అని రెండు వస్తువులు ముందు పెట్టినా అది అడగడమే. ఏ ప్రశ్నకు "లేదు" అని వచ్చిందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఎనిమిదీ ఒకేసారి బాగుచేయాలని చూడకండి.

2. మొట్టమొదట ఆటిజం గుర్తించిన పిల్లవాడు ఏమయ్యాడు?

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశారు. ఆటిజం గురించి వైద్య రంగంలో అందరికీ తెలిసింది ఆ వ్యాసంతోనే. అందులో మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో 1933లో పుట్టాడు. మూడేళ్ల వయసులో డాక్టర్ల సలహాతో అతన్ని ఒక సంస్థలో ఉంచారు. ఏడాది తర్వాత తల్లిదండ్రులు వెనక్కి తెచ్చేసుకున్నారు. కొన్నేళ్లు ఒక రైతు కుటుంబం దగ్గర పెరిగాడు. అతనికి లెక్కపెట్టడం ఇష్టం. ఆ ఇష్టాన్నే వాళ్లు పొలం పనికి వాడుకున్నారు.

తర్వాత డొనాల్డ్ డిగ్రీ చదివాడు. సొంత ఊళ్లోనే బ్యాంకులో పనిచేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు. 2023లో 89వ ఏట చనిపోయాడు. అతని ఆటిజం పోలేదు. మాట్లాడే తీరు చివరిదాకా వేరుగానే ఉంది. కానీ ఊరంతా అతన్ని ఎరుగును. ఎవరైనా ఎగతాళి చేస్తే ఊరివాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

వాళ్ల ఇంట్లో డబ్బుంది, ఆ బ్యాంకు అమ్మ తరఫు వాళ్లది, మనకేముంది అని మీరు అనొచ్చు. నిజమే. అందుకే పథకాలు. అయితే ఊరు అతన్ని తన మనిషిగా చూసుకోవడం మాత్రం డబ్బుతో వచ్చింది కాదు. రోజూ కనబడే మనిషిని ఊరు ఎరుగుతుంది. లోపల దాచిన మనిషిని ఎరగదు.

3. కాగితాలు: ముందు ఇవి సరిచూసుకోండి

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఒకటి. పింఛనుకు, ఇంకా చాలా సౌకర్యాలకు కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి.

సదరం సర్టిఫికెట్: గ్రామ లేదా వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేసుకుని, చెప్పిన రోజున ఆసుపత్రికి వెళ్లాలి. చిన్నప్పుడు తీసుకున్న సర్టిఫికెట్ తాత్కాలికమైతే దానిమీద గడువు తేదీ ఉంటుంది. ఇప్పుడే బీరువా తీసి చూడండి. గడువు దాటాక పరుగెత్తడం కన్నా మూడు నెలల ముందే స్లాట్ అడగడం మేలు.

యూడీఐడీ కార్డు: ఇది దేశమంతా చెల్లే గుర్తింపు కార్డు. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తారు. ఫోనులో చేయడం రాకపోతే సచివాలయంలో అడగండి.

పింఛను: ఎన్టీఆర్ భరోసా కింద విభిన్న ప్రతిభావంతుల పింఛను 2024 జూలై నుంచి నెలకు రూ.6,000.

పరీక్షకు, పునఃపరీక్షకు వెళ్లేటప్పుడు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆటిజం బయటికి కనబడే వైకల్యం కాదు. డాక్టరు గారు "నీ పేరేంటి బాబూ?" అంటే టక్కున చెప్పేస్తాడు. ఊరు పేరు చెబుతాడు. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుంటాడు. కానీ ఇంట్లో ఒక్కడినీ గంట వదల్లేం, రోడ్డు దాటలేడు, కరెంటు పోతే తల గోడకేసి కొట్టుకుంటాడు. ఇవి ఆ గదిలో కనబడవు. మనం చెబితేనే తెలుస్తాయి.

మన దేశంలో ఆటిజం శాతం నిర్ణయించడానికి వాడుతూ వచ్చిన కొలమానం పేరు ఐసా. అందులో 40 అంశాలుంటాయి. మనుషులతో కలవడం, భావాలు, మాట, ప్రవర్తన, శబ్దం, స్పర్శ లాంటి ఇంద్రియాల తీరు, ఆలోచన అనే ఆరు విభాగాలు. ప్రతి అంశానికి ఎంత తరచుగా ఉందన్న దాన్ని బట్టి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. కాబట్టి మీరు చెప్పాల్సింది కూడా "ఎంత తరచుగా" అనే.

వెంట తీసుకెళ్లండి:
పాత సర్టిఫికెట్లు, స్కూలు కాగితాలు, మందుల చీటీలు.
మామూలు రోజున, కష్టమైన రోజున ఫోనులో తీసిన రెండు మూడు చిన్న వీడియోలు.
ఒంటరిగా చేయలేని పనుల జాబితా. పక్కనే "రోజూ", "వారానికి రెండుసార్లు" అని రాయండి.

"మావాడు అన్నీ చేసుకుంటాడండీ" అని పరువు కోసం చెప్పకండి. లేనిది కల్పించి కూడా చెప్పకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. శాతం తక్కువ వచ్చిందనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు ఉంది. నోటీసు కాగితం పారేయకుండా అందులోని గడువు లోపల సచివాలయంలో అడగండి.

4. పింఛను డబ్బు ఎవరిది?

ఇది కాస్త ఇబ్బంది పెట్టే ప్రశ్న. అయినా అడగాలి. ఆ రూ.6,000 అతని పేరు మీద వచ్చింది. ఇంట్లో బియ్యానికి, కరెంటు బిల్లుకు కలిసిపోవడం తప్పు కాదు, అతనూ తింటున్నాడు కదా. కానీ మొత్తం కలిసిపోతే ఆ డబ్బు వల్ల అతని రోజులో ఏ మార్పూ రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇరవై నాలుగేళ్ల అబ్బాయి. మాటలు తక్కువ. తల్లి కూలికి వెళ్తుంది. పింఛను వచ్చిన రోజు తల్లి రూ.200 చిల్లర నోట్లుగా ఒక చిన్న పర్సులో పెట్టి అతని చేతికిస్తుంది. వారానికి ఒకరోజు ఇద్దరూ వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్తారు. మొదటి నెల తల్లే "ఏం కావాలి నాన్నా?" అని అడిగి కొంటుంది. రెండో నెల అతను చేత్తో చూపిస్తాడు. మూడో నెలకు కొట్టు ఆయనే "రా బాబూ, బిస్కెట్టా, సబ్బా?" అంటాడు. ఖర్చు రూ.200. పైన చెప్పిన 8 ప్రశ్నల్లో మూడింటికి జవాబు మారింది: తన డబ్బు, తన నిర్ణయం, పేరు పెట్టి పిలిచే మనిషి.

5. రోజుకు ఒక రూపం ఇవ్వండి

ఆటిజం ఉన్న చాలామందికి తర్వాత ఏం జరగబోతోందో తెలిస్తే ధైర్యం. తెలియకపోతే ఆందోళన. మనం మొండితనం అనుకునేది చాలాసార్లు ఈ ఆందోళనే.

గోడ మీద బొమ్మలతో రోజు పట్టిక పెట్టండి. లేవడం, పళ్లు తోమడం, టిఫిను, పని, భోజనం, నడక, స్నానం, పడక. మార్పు ఉంటే ముందు రోజే చెప్పండి. "రేపు అత్త వాళ్లింటికి వెళ్తున్నాం, సాయంత్రం వచ్చేస్తాం" అని రెండుసార్లు చెబితే దారిలో గొడవ సగం తగ్గుతుంది.

శబ్దం, వెలుతురు, గుడ్డ, వాసన: ఇవి కొందరికి మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తగులుతాయి. పెళ్లిలో డీజే, దీపావళి టపాసులు, కుక్కర్ విజిల్, కొత్త చొక్కా మెడ దగ్గరి లేబుల్ అలాంటివే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టండి, లేబుల్ కత్తిరించండి, పెళ్లికి పోయినా భోజనం చేసి తొందరగా వచ్చేయండి. ఇది గారాబం కాదు. కాలు నొప్పి ఉన్నవాడికి కర్ర ఇచ్చినట్టే.

6. పని

పని అంటే జీతం ఒక్కటే కాదు. పొద్దున లేచి వెళ్లాల్సిన చోటు ఒకటి ఉండటం. ఒకే పనిని ఒకే తీరుగా, పొరపాటు లేకుండా చేయడం కొందరికి బాగా వస్తుంది. విస్తళ్లు లెక్కపెట్టి కట్టలు కట్టడం, నర్సరీలో సంచుల్లో మట్టి నింపడం, మొక్కలకు నీళ్లు, జిరాక్స్ షాపులో కాగితాలు సర్దడం, కంప్యూటర్లో వివరాలు ఎక్కించడం. ఇష్టం ఎటుందో చూసి పనిని అటు తిప్పండి. ముందు రోజుకు అరగంటతో మొదలుపెట్టండి.

చదువుకున్న వాళ్లకు: 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 1 శాతం కోటా పరిధిలోకి ఆటిజం వస్తుంది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతం సీట్లు వికలాంగులకు ఉంటాయి. దరఖాస్తులో ఆ గడి నింపడం మరిచిపోవద్దు.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. ఐసా కొలమానం తయారైంది అక్కడే. పరీక్షలు, కుటుంబాలకు సలహా, పెద్దవాళ్లకు వృత్తి శిక్షణ విషయాల్లో తెలుగువాళ్లకు దగ్గరలో ఉన్న పెద్ద కేంద్రం అదే.

7. ఒంటి ఆరోగ్యం

నొప్పి ఉన్నా చెప్పలేకపోవడం వీళ్లకు పెద్ద కష్టం. ఉన్నట్టుండి కోపం పెరిగినా, తనను తాను కొట్టుకున్నా, తిండి మానేసినా ముందు ప్రవర్తన అనుకోకండి. పన్ను నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, కడుపులో మంట ఉన్నాయేమో చూపించండి. మూర్ఛ ఆటిజం ఉన్నవాళ్లలో మిగతావాళ్లకన్నా ఎక్కువ. ఆందోళన, దిగులు, నిద్రలేమి కూడా ఎక్కువే. వాటికి చికిత్స ఉంది. టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్యంపై ఉచితంగా సలహా ఇస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు.

కోపం తగ్గడానికి మందులు వాడుతుంటే బరువు ఎంత పెరుగుతోందో, షుగర్ ఎలా ఉందో డాక్టరును అడుగుతూ ఉండండి. సొంతంగా ఆపేయకండి.

నిరామయ: కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ నడిపే ఆరోగ్య బీమా. ఏడాదికి రూ.1 లక్ష వరకు వర్తిస్తుంది. చేరడానికి ముందు వైద్య పరీక్షలు అక్కర్లేదు. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకున్న ఖర్చుకు, థెరపీలకు కూడా పరిమితి మేరకు డబ్బు తిరిగి వస్తుంది. బిల్లులు జాగ్రత్త చేసుకోవాలి. ఏటా రెన్యువల్ చేయించాలి.

మోసపోకండి: ఆటిజాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. లక్షలు తీసుకుని స్టెమ్ సెల్ చికిత్స చేస్తామనే వాళ్లుంటారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయదగ్గది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ డబ్బు కోసం పొలం అమ్మకండి.

8. ఆడపిల్లలు, పెళ్లి

కూతురికి నెలసరి విషయం బొమ్మలతో, బొమ్మకు ప్యాడ్ పెట్టి చూపిస్తూ నేర్పించొచ్చు. ఓపిక కావాలి, నెలలు పడుతుంది. ఒంటిమీద చెయ్యి వేస్తే "వద్దు" అనడం, చేత్తో నెట్టడం నేర్పండి. కొడుకులకూ ఇది నేర్పాలి. "ముద్దు పెట్టు, దండం పెట్టు" అని బలవంతం చేస్తూ పెంచితే "వద్దు" అనడం రాదు.

"పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని బంధువులు అంటారు. పెళ్లి ఆటిజానికి చికిత్స కాదు. ఆటిజం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని కాదు. ఇద్దరికీ ఇష్టమై, ఇద్దరికీ విషయం ముందే తెలిసి చేసుకుంటే అది వాళ్ల జీవితం. దాచిపెట్టి చేస్తే రెండు జీవితాలు పాడవుతాయి.

9. "మా తర్వాత ఎవరు?"

ప్రతి తల్లీ తండ్రీ రాత్రిపూట అడుగుకునే ప్రశ్న ఇది. జవాబు బతికుండగానే మొదలుపెట్టాలి.

సంరక్షకుడు: 18 నిండాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు కూడా తమంతట తాము గార్డియన్లు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాకు ఒక స్థానిక కమిటీ ఉంటుంది. అందులో కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ సభ్యుడు ఉంటారు. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ దరఖాస్తు చేస్తే కమిటీ విచారించి సంరక్షకుడిని నియమిస్తుంది. అలా నియమితుడైన వ్యక్తి 6 నెలల్లోగా ఆస్తి జాబితా, ఆ తర్వాత ఏటా లెక్కలు ఇవ్వాలి. సరిగా చూడకపోయినా, ఆస్తి వాడుకున్నా తొలగించవచ్చు. వివరాలు జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఆఫీసులో దొరుకుతాయి.

అందరికీ పూర్తి సంరక్షకుడు అవసరం లేదు. తన నిర్ణయాలు తాను తీసుకోగల వాళ్లకు ఆ అధికారం తీసేయకూడదు. 2016 చట్టంలో పరిమిత సంరక్షణ అనే పద్ధతి ఉంది. ఫలానా విషయంలో, ఫలానా కాలానికి మాత్రమే, ఇద్దరూ కలిసి నిర్ణయించేలా.

అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో ఇప్పుడే మాట్లాడండి. "వాడు చూసుకుంటాడులే" అని మనసులో అనుకోవడం ఏర్పాటు కాదు. నోరు తెరిచి అడగండి. ఏం చేయగలరో, ఏం చేయలేరో వాళ్లనే చెప్పనివ్వండి.

ఒక పేజీ రాసిపెట్టండి. తల్లికి మాత్రమే తెలిసిన సంగతులన్నీ ఆ పేజీలోకి రావాలి. ఇలా:

"పెరుగన్నం లేకపోతే భోజనం ముగించడు. విజిల్ వచ్చేముందు చెప్పాలి. ఎడమ చెవి పట్టుకుంటే నొప్పి అని అర్థం. మూర్ఛ మాత్ర రాత్రి ఎనిమిదింటికి. కోపం వస్తే పట్టుకోవద్దు, పక్కన కూర్చోవాలి, పది నిమిషాల్లో తగ్గుతుంది. నీలం దుప్పటి లేకపోతే నిద్రపోడు. వర్షం చూడటం ఇష్టం."

నాలుగు కాపీలు తీయండి. ఒకటి ఇంట్లో, ఒకటి తోబుట్టువుకు, ఒకటి పక్కింటికి, ఒకటి ఫోనులో. మీరు ఒక వారం ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చినా ఈ కాగితమే అతన్ని కాపాడుతుంది.

ఆరు నెలలకోసారి ఒకరోజు వేరే వాళ్ల దగ్గర ఉండటం అలవాటు చేయండి. మొదట మధ్యాహ్నం, తర్వాత ఒక రాత్రి. మీకూ విశ్రాంతి కావాలి. తల్లి ఒళ్లు బాగుంటేనే ఇల్లు బాగుంటుంది. నేషనల్ ట్రస్ట్ కింద పగటి సంరక్షణకు, పెద్దవాళ్ల వసతికి కూడా పథకాలున్నాయి. మీ జిల్లాలో అలాంటి నమోదైన సంస్థ ఉందేమో సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి.

ఈ నెలలో చేయాల్సినవి

సదరం సర్టిఫికెట్ గడువు చూడండి.
8 ప్రశ్నలకు జవాబులు రాయండి.
ఒక పేజీ రాసి కాపీలు తీయండి.
పింఛనులో కొంత అతని చేతికివ్వండి, కొట్టుకు తీసుకెళ్లండి.
నిరామయలో ఉన్నారో లేదో చూసుకోండి.
సంరక్షకుడి దరఖాస్తు గురించి జిల్లా ఆఫీసులో అడగండి.

ఈ పాఠం మీకు పనికొస్తే మీ ఊళ్లో ఇలాంటి బిడ్డ ఉన్న మరో ఇంటికి పంపండి. చదవడం రాని తల్లి ఉంటే చదివి వినిపించండి.